నది, వాననీటి రక్షణలో సాంకేతిక నిపుణుడి పని: చేరేముందు తెలుసుకోవాల్సినవి

సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, నదులూ వాననీటి కాలువల రక్షణ విభాగంలో సాంకేతిక నిపుణుడిగా చేరబోతూ మీరు అడిగింది ఇది: ఈ ఉద్యోగంలో డిజైన్ లెక్కలు ఎక్కువా, ఫీల్డ్ పని ఎక్కువా, ముందుగా ఏం నేర్చుకోవాలి? లెక్కలు తప్పకుండా రావాలి. కానీ లెక్క తప్పి పాడైన పనులకంటే, వాన కురుస్తున్నప్పుడు ఎవరూ వెళ్లి చూడకపోవడం వల్ల పాడైన పనులే చాలా ఎక్కువ. నీరు ఎక్కడ పుట్టింది, దారిలో ఏం కలుపుకుంది, ఎక్కడ నదిలో పడింది అన్నది కళ్లతో చూసి, కొలిచి, ఆ కొలతను ఎవరు ప్రశ్నించినా నిలిచేలా రాసిపెట్టడమే ఈ ఉద్యోగం. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మొదట మ్యాపుతో మొదలుపెట్టండి. రోడ్డు పక్క జాలీలో పడిన నీరు శుద్ధి కేంద్రానికి పోతుందని చాలామంది అనుకుంటారు. మురుగూ వాననీరూ ఒకే పైపులో పోయే పాత వ్యవస్థలను మినహాయిస్తే, ఆ నీరు ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి, నదిలోకి పోతుంది. అందుకే ప్రతి జాలీ ఏ మ్యాన్‌హోల్‌కు, ఆ మ్యాన్‌హోల్ ఏ అవుట్‌ఫాల్‌కు, అంటే పైపు నీరు వాగులోనో నదిలోనో పడే మూతికి, కలుస్తుందో మీ చేతిలో ఉండాలి. ఆఫీసులో ఉన్న డ్రాయింగ్‌ను నమ్మకండి. పైపు వ్యాసం, అడుగు మట్టం, ప్రవాహ దిశ మూత తెరిచి పైనుంచే సరిచూసుకోండి. డ్రాయింగ్‌లో లేని పైపు ఒకటి మ్యాన్‌హోల్ గోడలోకి వచ్చి కలుస్తుంటే, కాలుష్యం మూలం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

లెక్కల్లో రోజూ పనికొచ్చేవి కొన్నే. ఒక హెక్టారు మీద ఒక మి.మీ. వాన పడితే 10 ఘనపు మీటర్ల నీరు. ఇది నోటికి ఉండాలి. చిన్న పరీవాహక ప్రాంతానికి, అంటే సుమారు 80 హెక్టార్ల లోపు, రేషనల్ పద్ధతి చాలు: ప్రవాహ గుణకాన్ని (పడిన వానలో ఎంత వంతు పారిపోతుందో చెప్పే సంఖ్య) గంటకు మి.మీ.లో ఉన్న వాన తీవ్రతతో, హెక్టార్లలో ఉన్న విస్తీర్ణంతో గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లు వస్తాయి. గుణకం 0.8, తీవ్రత 60, విస్తీర్ణం 2 హెక్టార్లు అయితే సెకనుకు 0.27 ఘనపు మీటర్లు. ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది తీవ్రత దగ్గర. రోజుకు 120 మి.మీ. వాన అని చూసి 24తో భాగించి గంటకు 5 మి.మీ. అని తీసుకుంటారు. కాలువ పొంగేది ఆ సగటుకు కాదు, 15 నిమిషాల పాటు గంటకు 80 మి.మీ. వేగంతో కొట్టే జల్లుకు. పరీవాహకంలో అత్యంత దూరపు చుక్క కాలువ మూతికి చేరడానికి పట్టే సమయం ఎంతో, అంత వ్యవధి ఉన్న వాన తీవ్రతనే తీసుకోవాలి. ఇంకొకటి: రోలర్లు, లారీలు తిరిగి గట్టిపడిన నిర్మాణ స్థలం నేలను పొలం నేలగా లెక్కించకండి. దాని గుణకం పచ్చిక కంటే రోడ్డుకే దగ్గరగా ఉంటుంది.

నిర్మాణ స్థలాల తనిఖీ మీ సమయంలో పెద్ద భాగం తింటుంది, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. మట్టి రేణువు నీటిలో ఎంత వేగంగా దిగుతుందన్నది దాని వ్యాసం వర్గాన్ని (వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించిన విలువను) బట్టి మారుతుంది. 0.1 మి.మీ. సన్న ఇసుక సెకనుకు 8 మి.మీ. దాకా దిగుతుంది, అంటే ఒక మీటరు లోతుకు రెండు నిమిషాలు. 0.01 మి.మీ. ఒండ్రు అదే మీటరు దిగడానికి మూడు గంటలు పడుతుంది. 0.002 మి.మీ. బంకమన్నుకు మూడు రోజులకు పైనే. అదీ నీరు కదలకుండా ఉంటేనే. కాబట్టి బంకమన్ను ఒక్కసారి నీటిలో కలిసిందంటే ఏ గుంటా దాన్ని పూర్తిగా పట్టుకోలేదు. నేలను కదలనివ్వకుండా కప్పి ఉంచడం మొదటి పని, కదిలిన మట్టిని పట్టుకోవడం రెండోది. కాంట్రాక్టర్లు దీన్ని తలకిందులు చేస్తారు. స్థలమంతా ఒకేసారి గీకేసి, చుట్టూ సిల్ట్ ఫెన్స్ (గుంజలకు బిగించిన గుడ్డ కంచె) కట్టి చేతులు దులుపుకుంటారు. మీరు అడగాల్సింది ఈ వారం పని జరగని భాగాన్ని ఎందుకు తెరిచారని. గడ్డి పరిచి విత్తనం చల్లిన నేల ముందు ఎంత ఖరీదైన ఫెన్సయినా దిగదుడుపే.

సిల్ట్ ఫెన్స్‌ను వడపోత గుడ్డ అనుకుంటారు. అది నీటిని కాసేపు నిలబెట్టి మట్టిని దిగనిచ్చే ఆనకట్ట. కాబట్టి కాంటూరు వెంటే, అంటే నేల ఒకే ఎత్తులో ఉండే గీత వెంటే కట్టాలి. వాలుకు అడ్డదిడ్డంగా కడితే నీరంతా పల్లపు మూలకు పరుగెత్తి అక్కడ గండి కొడుతుంది. గుడ్డ అడుగు భాగాన్ని 15 సెం.మీ. లోతు, 15 సెం.మీ. వెడల్పు కందకంలో పెట్టి మట్టి పోసి గట్టిగా దిమ్మిస కొట్టాలి. గుంజల మధ్య దూరం రెండు మీటర్లకు మించకూడదు, గుంజలు నీరు పోయే వైపు ఉండాలి. రెండు చివరలనూ వాలు పైకి వంచాలి. 30 మీటర్ల ఫెన్స్‌కు దాదాపు 0.1 హెక్టారు నేల నుంచి పలచగా పారే నీరే హద్దు. ఎత్తులో మూడో వంతు పూడిక చేరగానే తీసేయాలి. కాలువకు అడ్డంగా, నీరు గుంపుగా వచ్చే చోట దీన్ని ఎప్పుడూ కట్టనివ్వకండి. తనిఖీలో గుడ్డ నిటారుగా ఉందా అని చూసి వెళ్లిపోతే ఏమీ తెలియదు. వంగి అడుగు చూడండి, కిందనుంచి నీరు తవ్వుకుపోయిన గుర్తు ఉంటుంది.

కాలువలోనైతే రాతి చెక్‌డ్యాంలు వేస్తాం. దిగువ కట్ట శిఖరం, ఎగువ కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. అంటే ఎత్తును వాలుతో భాగిస్తే దూరం వస్తుంది: 60 సెం.మీ. కట్టకు, 4 శాతం వాలుకు 15 మీటర్లు. మధ్య భాగం అంచులకంటే కనీసం 15 సెం.మీ. పల్లంగా ఉండాలి. చదునుగా పేరిస్తే నీరు పక్కల నుంచి తిరిగి కాలువ గట్టును కోస్తుంది, అప్పుడు కట్ట లేకపోయినా బాగుండేదనిపిస్తుంది.

పూడిక పట్టే గుంటలకు అమెరికాలో వాడే ఒక లెక్క ఎకరాకు 3,600 ఘనపు అడుగులు, హెక్టారుకు సుమారు 250 ఘనపు మీటర్లు. అంటే స్థలమంతటి మీద 25 మి.మీ. లోతు నీరు. ఘనపరిమాణం ఒక్కటే చూసుకుంటే చాలదు. పొడవు వెడల్పుకు రెండింతలైనా ఉండాలి, నీరు వచ్చే మూతీ పోయే తూమూ ఎదురెదురు చివర్లలో ఉండాలి. రెండూ పక్కపక్కనే ఉంటే బురదనీరు గుంటలో తిరగకుండానే దాటిపోతుంది. నీటిని అడుగు నుంచి కాక పైమట్టం నుంచి తీసే తేలియాడే తూము పెట్టించండి, పైన తేరుకున్న నీరే బయటకు పోతుంది. అలుగును మట్టి కట్ట మీద వట్టిగా వదలకుండా రాయి పరచాలి. లేదంటే పెద్ద వానకు కట్ట తెగి, నెలల తరబడి పట్టిన పూడికంతా ఒక్క గంటలో నదిలో పడుతుంది.

బంకమన్ను నీటికి ఫ్లోక్యులెంట్ (సన్న మట్టిని ముద్దలు కట్టించే మందు) వాడతామని కాంట్రాక్టర్ అడుగుతాడు. అలాంటి మందైన పాలీయాక్రిలమైడ్‌లో రుణావేశం ఉన్న రకాన్నే అనుమతించండి. ధనావేశం ఉన్నవి చేపల మొప్పలకు అతుక్కుని ఊపిరి ఆపేస్తాయి. ముందు బకెట్లో ఆ స్థలం నీటితోనే మోతాదు పరీక్షించాలి, మందు కలిసిన తర్వాత మట్టి ముద్దలు దిగడానికి గుంట ఉండాలి, నేరుగా వాగులోకి వదలకూడదు. కాంక్రీటు కడిగిన నీటిని మాత్రం ఏ గుంటలోకీ రానివ్వకండి. దాని పీహెచ్ 12 నుంచి 13, చిన్న వాగులో ఒక్క ట్రక్కు కడిగిన నీరు చేపలను చంపడానికి చాలు. ప్లాస్టిక్ షీటు పరిచిన ప్రత్యేక గొయ్యి, ముప్పావు వంతు నిండగానే ఖాళీ చేయడం, అదీ జాలీలకు దూరంగా. చూడటానికి ఈ నీరు తేటగానే ఉండవచ్చు, అందుకే జేబులో పీహెచ్ కాగితాలు ఎప్పుడూ ఉంచుకోండి.

వాన లేని రోజుల్లో చేసే పని దీనికి సమానంగా ముఖ్యం, దీనికి తగినంత విలువ దక్కడం లేదని నా అభిప్రాయం. కనీసం 48 గంటలు, వీలైతే 72 గంటలు వాన లేని తర్వాత అవుట్‌ఫాల్స్ అన్నీ నడిచి చూడండి. అప్పుడు కూడా నీరు కారుతుంటే అది ఊటనీరా, తాగునీటి లీకేజీనా, బట్టలుతికిన నీరా, మురుగా అన్నది తేల్చాలి. అమ్మోనియా, డిటర్జెంటు, పొటాషియం, ఇ.కోలై (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) నాలుగూ చూస్తే చాలావరకు తేలిపోతుంది. డిటర్జెంటు ఉండి, అమ్మోనియా పొటాషియం కంటే ఎక్కువగా ఉంటే మురుగును అనుమానించండి, తక్కువైతే కడిగిన నీరు కావచ్చు. క్లోరిన్ ఉంటే తాగునీరు కలుస్తోందన్నమాట, కానీ అది త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి అక్కడికక్కడే చూడాలి. నీరు లేకపోయినా పైపు మూతి దగ్గర బూడిద రంగు పాచి, మరకలు, తెల్ల కాగితపు ముక్కలు ఉంటే రాసుకోండి. రాత్రిపూట లేదా సెలవు రోజున వదిలేవాళ్ల ఆనవాళ్లు అవి. మూతి నదిలో మునిగి ఉంటే ఎగువన మొదటి మ్యాన్‌హోల్‌లో చూడాలి. తర్వాత మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ ఎగువకు పోతూ, కారే నీరు ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవాలి. ఆ రెండు మ్యాన్‌హోళ్ల మధ్య కలిసే ఇళ్లను, దుకాణాలను రంగునీటితో పరీక్షిస్తే మూలం బయటపడుతుంది. ఒక్కో కట్టడానికీ మధ్య రంగు పూర్తిగా కడుక్కుపోయేదాకా ఆగకపోతే ఎవరి పైపు తప్పో మీరే చెప్పలేకపోతారు.

నీటి మీద రంగురంగుల తెట్టు కనపడితే వెంటనే నూనె అని రాయకండి. కర్రతో కదపండి. అది అద్దం పెంకుల్లా విడిపోయి అలాగే ఉండిపోతే ఇనుము తినే బ్యాక్టీరియా పొర, అది సహజం. కదిపిన చోట మళ్లీ సుడులు తిరుగుతూ కలిసిపోతే పెట్రోలియం. ఈ ఒక్క పరీక్ష తెలియక ఎన్నో అత్యవసర బృందాలు అనవసరంగా పరుగెత్తుతాయి.

మ్యాన్‌హోల్ లోపలికి దిగడం గురించి: శిక్షణ, అనుమతి పత్రం, పైన కాపలా మనిషి, లాగే తాడు, గ్యాస్ మీటరు లేకుండా దిగవద్దు. దిగకుండా తేలే పని అయితే అసలే దిగవద్దు. మీటరును తాడుతో దించి పైన, మధ్య, అడుగున మూడుచోట్లా చూడాలి, ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువైనది, అడుగున చేరుతుంది. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం చేరినా అక్కడితో ఆపేయండి. వాసన లేదు కదా అన్న ధైర్యం ప్రాణం తీస్తుంది. దాదాపు 100 పీపీఎం దగ్గర ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. లోపల పడిపోయినవాణ్ని కాపాడదామని వెంట దిగినవాళ్లు కూడా చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

నమూనాల సేకరణలో చేయి తిరగాలి. పీహెచ్, కరిగిన ఆక్సిజన్, ఉష్ణోగ్రత అక్కడే కొలవాలి, సీసాలో తెచ్చి కొలిచిన విలువకు అర్థం లేదు. ఇ.కోలై నమూనా ఐస్‌లో పెట్టి 8 గంటల్లోపు ల్యాబ్‌లో మొదలవ్వాలి, బీవోడీ (నీటిలోని సేంద్రియ మురికి కుళ్లడానికి పట్టే ఆక్సిజన్ కొలత) 48 గంటల్లో, మొత్తం తేలియాడే ఘనపదార్థాలు 7 రోజుల్లో. కరిగిన లోహాలకు 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో 15 నిమిషాల్లోపు వడగట్టి, తర్వాత నైట్రిక్ ఆమ్లం కలపాలి. ముందు ఆమ్లం కలిపితే మట్టికి అంటుకున్న లోహం కూడా కరిగి, లేని కాలుష్యం చూపిస్తుంది. ప్రతి పది నమూనాలకు ఒక జంట నమూనా (అదే చోట రెండోసారి తీసింది), ఒక ఖాళీ నమూనా (శుద్ధమైన నీటితో నింపింది) తీయండి. నీళ్లలో నిలబడ్డప్పుడు ఎగువకు ముఖం పెట్టి, మీ కాళ్లు రేపిన బురద సీసాలోకి రాకుండా నింపాలి.

ఎప్పుడు తీశారన్నది ఎంత తీశారన్నదానికంటే ముఖ్యం. నాచు ఎక్కువున్న నదిలో మధ్యాహ్నం కరిగిన ఆక్సిజన్ నిండుగా కనిపిస్తుంది, తెల్లవారుజామున అడుగంటుతుంది. చేపలు చచ్చేది ఆ వేళలోనే. 20 డిగ్రీల దగ్గర నీరు పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు 9.1 మిల్లీగ్రాములు, పగలు మీ మీటరు 13 చూపిస్తే సంతోషించకండి, మర్నాడు సూర్యోదయానికి ముందు మళ్లీ వెళ్లండి. వాననీటికీ అంతే. రోడ్డు మీద పేరుకున్న మురికిలో ఎక్కువ భాగం చాలాసార్లు మొదట్లోనే కొట్టుకొస్తుంది. ఆ సీసా ఒక్కటే తీస్తే కాలుష్యం ఎక్కువగా, వాన వెలిశాక తీస్తే తక్కువగా కనిపిస్తుంది. మొత్తం భారం తెలియాలంటే ప్రవాహాన్ని బట్టి తీసే మిశ్రమ నమూనా కావాలి, దానికి ప్రవాహం కొలత తప్పనిసరి. వాగును అడ్డంగా 20 నుంచి 25 భాగాలు చేసి, ఒక్కో చోట నీటిమట్టం నుంచి లోతులో 0.6 వంతు దగ్గర వేగం చూడండి. లోతు ముప్పావు మీటరు దాటితే 0.2, 0.8 వంతుల దగ్గర చూసి సగటు తీయండి. మీటరు లేనప్పుడు తేలే వస్తువుతో ఉపరితల వేగం కొలిచి 0.85తో గుణించవచ్చు, కానీ రిపోర్టులో అది అంచనా అని రాయాలి.

గట్టు కోతకు వస్తే, రాయి పరచడం అందరికీ మొదట తట్టే మందు. ఒక ఘనపు మీటరు నీటి బరువును (న్యూటన్లలో), లోతును, వాలును గుణిస్తే గట్టు మీద పడే ఈడ్పు వస్తుంది: 9,810 ఇంటూ అర మీటరు లోతు, ఒక శాతం వాలు, దాదాపు 49 పాస్కళ్లు. మలుపు బయటి అంచున ఇది రెట్టింపు దాకా పోవచ్చు. వట్టి ఇసుక నేల రెండు మూడు పాస్కళ్లకే కదులుతుంది, బాగా వేళ్లూనిన పొడవాటి గడ్డి 50 పైచిలుకు తట్టుకుంటుంది, సగటున 15 సెం.మీ. ఉన్న రాయి 120 దాకా. అంటే చాలా గట్లకు పైభాగంలో మొక్కలు చాలు, రాయి పాదం దగ్గర మాత్రమే కావాలి. రాతి పరుపు విఫలమయ్యే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: కింద వడపోత పొర లేక మట్టి రాళ్ల సందుల్లోంచి జారిపోవడం, పాదం కోత లోతు కంటే పైనే ఆగిపోవడం, రెండు చివరలు గట్టులోకి చొప్పించకపోవడం. గుండ్రటి నదిరాళ్లు దొర్లిపోతాయి, కోణాలున్న రాయి ఒకదానికొకటి పట్టుకుంటుంది. మందం సగటు రాయికి కనీసం ఒకటిన్నర రెట్లు. విల్లో వంటి, కొమ్మ నాటితే వేళ్లూనే చెట్ల కొమ్మలు నాటేటప్పుడు 60 నుంచి 90 సెం.మీ. పొడవు, మొగ్గలు పైకి చూసేలా, మూడింట రెండు వంతులు నేలలో, కింది కొన తడి తగిలే లోతులో ఉండాలి. తలకిందులుగా నాటిన కొమ్మలు ఎండిపోతాయి, కూలీలకు పని మొదలెట్టకముందే చూపించండి.

నగరాల్లో ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి మొక్కలున్న వడపోత మడులు. 15 నుంచి 30 సెం.మీ. నీరు నిలిచేలా, 60 నుంచి 90 సెం.మీ. ఇసుక కలిసిన మట్టి, అవసరమైతే అడుగున రంధ్రాల పైపు, భూగర్భజల మట్టానికి కనీసం 60 సెం.మీ. పైన. 48 గంటల్లో ఇంకాలి, 72 దాటితే దోమలు. ఇవి డిజైన్‌లో కాదు, నిర్మాణంలో చస్తాయి. ఎగువన మట్టి ఇంకా తెరిచి ఉండగానే నీటిని మడిలోకి వదిలితే ఒక్క వానకే పైపొర మూసుకుపోతుంది. ఎగువ నేల పచ్చబడేదాకా మూతికి అడ్డుకట్ట వేయించండి. యంత్రాన్ని మడి లోపలికి దింపకుండా అంచునుంచే తవ్వించండి. మట్టికీ కంకరకూ మధ్య గుడ్డ వేస్తే అది మూసుకుపోతుంది, సన్న కంకర పొర మేలు. మూతి దగ్గర మడి మట్టం రోడ్డు కంటే 5 సెం.మీ. పల్లంగా లేకపోతే ఆకులు పేరుకుని నీరు పక్కనుంచి జారిపోతుంది, బయటికి మాత్రం మడి పచ్చగా అందంగా కనిపిస్తూనే ఉంటుంది. కంపోస్టు ఎక్కువ కలిపితే మొక్కలు ఏపుగా వస్తాయి గానీ భాస్వరం కిందికి కారుతుంది. దిగువన చెరువు ఉంటే కంపోస్టు తగ్గించండి. టైర్ల అరుగుడులోంచి పుట్టే 6పీపీడీ-క్వినోన్ అనే రసాయనం కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో తేలింది. రోడ్డు నీటిని ఇలాంటి మట్టి గుండా పంపితే ఆ చేపలు బతుకుతున్నాయని ప్రయోగాల్లో చూశారు. ఈ మడులు సరిగ్గా కట్టించడానికి ఇంత పట్టుబట్టేది అందుకే.

రాత గురించి చివరిగా. ప్రతి ఫొటోకు తేదీ, సమయం, దిశ, ఎగువా దిగువా రాయండి. "నీరు మురికిగా ఉంది" అని రాస్తే పనికిరాదు. "ఎగువన 12 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే ప్రమాణం), కాలువ కలిసిన 20 మీటర్ల దిగువన 340, వాన మొదలైన 40 నిమిషాలకు, మీటరు ఉదయం సరిచూశాం" అని రాస్తే కాంట్రాక్టరూ వాదించడు, న్యాయస్థానమూ తోసిపుచ్చదు. లోపం రాసిన చోటే దాన్ని ఎవరు, ఎప్పటిలోగా సరిచేయాలో కూడా రాసి, ఆ తేదీకి మళ్లీ వెళ్లండి.

చేరిన మొదటి నెలలో ఒక చిన్న పరీవాహకాన్ని ఎంచుకోండి, 20 హెక్టార్లు చాలు. దాని జాలీలన్నీ నడిచి గుర్తించి, వాన లేని రోజు ఒకసారి, మంచి వాన మొదలైన పావుగంటలోపు ఒకసారి దాని అవుట్‌ఫాల్ దగ్గర నిలబడండి. రెండుసార్లూ ప్రవాహం, మురికి, పీహెచ్ కొలిచి, మీ లెక్కలో వచ్చిన ప్రవాహంతో పోల్చి చూడండి. తేడా ఎక్కువొస్తే గుణకం మార్చేముందు మ్యాపు మళ్లీ తెరవండి. పరీవాహకం హద్దు మీరు గీసిన చోట ఉండి ఉండకపోవచ్చు.